అమ్మ వైపు నిషానీ: కిమోనో మీది తెల్ల గుర్తుల కథ

జపాన్‌లో తీసిన ఒక షాదీ ఫోటో చూడండి. దుల్హా, దుల్హన్ మధ్యలో ఉంటారు. వాళ్ళకి చెరో పక్క ఇద్దరు అమ్మలు. ఇద్దరిదీ ఒకటే లిబాస్, నల్లటి రేషమ్ కిమోనో. నడుము కింద నుంచి అంచు దాకా కొంగలో, పైన్ కొమ్మలో, అలలో కనిపిస్తాయి. నడుము పైన ఏమీ ఉండదు, మొత్తం కాలా. ఆ నలుపులో ఛాతీకి రెండు పక్కలా రూపాయి బిళ్ళంత తెల్ల గుర్తులు రెండు. ఆమె వెనక్కి తిరిగితే ఇంకో మూడు కనిపిస్తాయి. మెడ కింద వీపు మధ్యలో ఒకటి, రెండు చేతుల వెనుక ఒక్కోటి.

ఈ ఐదూ ఖాందాన్ నిషానీలు. జపాన్ వాళ్ళు వీటిని కామోన్ అంటారు. ‘కా’ అంటే ఇల్లు, ‘మోన్’ అంటే గుర్తు. ఇంటి గుర్తు అన్నమాట. మన వైపు ఖాందాన్ ఏదో తెలియాలంటే పేరు అడుగుతాం, ఊరు అడుగుతాం, దాదా పర్దాదాల గురించి అడుగుతాం. అక్కడ అడగక్కర్లేదు, లిబాసే చెప్పేస్తుంది.

వీటి గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నాకు ఆసక్తి కలిగించింది పూల డిజైన్లు. చదివే కొద్దీ ఒక సవాల్ మాత్రం వదల్లేదు. ఆ అమ్మ వీపు మీద ఉన్న నిషానీ ఎవరిది? ఆమె పుట్టిన మైకాదా, మెట్టిన ససురాల్‌దా? దీనికి జపాన్‌లోనే రెండు జవాబులు ఉన్నాయి. రెండోదాన్ని చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అది చెప్పాలంటే ముందు ఈ గుర్తులు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి.

బండి మీద నుంచి బట్ట మీదికి

దాదాపు వెయ్యేళ్ళ క్రితం మాట. అప్పుడు రాజధాని క్యోటో. బాద్షా దర్బారుకు వెళ్ళే పెద్ద పెద్ద అమీర్లు ఎద్దుబండ్లలో వెళ్ళేవాళ్ళు. ఏ బండి ఎవరిదో తెలియడానికి దాని మీద ఒక నక్ష్ వేయించుకునేవాళ్ళు. తమకు నచ్చిన పువ్వో, ఆకో. అదే నక్ష్ వాళ్ళ లిబాస్ మీదికీ వచ్చింది. కొడుకు తండ్రి గుర్తునే వాడాడు, మనవడూ అదే వాడాడు. అలా ఒక మనిషి ఇష్టం ఒక నస్ల్‌కి నిషానీ అయింది.

తర్వాత యుద్ధాల జమానా వచ్చింది. సిపాయిలు, సర్దారులు అంటే సమురాయ్‌లు అధికారంలోకి వచ్చారు. మైదానంలో వేల మంది కలగాపులగంగా పోరాడుతుంటే ఎవరు మనవాడో, ఎవరు దుష్మనో తెలియాలి. అందుకని జెండాల మీద, డేరాల చుట్టూ కట్టే పరదాల మీద గుర్తులు పెట్టుకున్నారు. దూరం నుంచి, దుమ్ములోంచి కనబడాలి కాబట్టి బొమ్మ సాదాగా ఉండాలి. కామోన్‌లు ఇప్పటికీ అంత తేలిక గీతలతో, ఒకటే రంగులో ఉండటానికి ఇది ఒక కారణం.

యూరప్ రాజుల నిషానీల్లో సింహాలు, గద్దలు, కత్తులు ఎక్కువ. జపాన్‌లో మాత్రం ఎక్కువ భాగం చెట్టూ చేమా, పువ్వూ ఆకూ. అక్కడ బాగా వాడుకలో ఉన్న ఐదింటిని ఐదు మహా గుర్తులు అంటారు. ఫుజి అనే తీగ పువ్వు, కిరి అనే చెట్టు పువ్వు, డేగ ఈక, మొక్కో అనే రేకుల ఆకారం, కతబామి ఆకు. ఈ చివరిది మనకు బాగా తెలిసిన మొక్కే, పెరట్లో, కుండీల్లో అడగకుండా మొలిచే పులిచింత. దాన్ని ఎందుకు ఎంచుకున్నారంటే, ఎంత పీకినా పోదు, నేలంతా పాకుతుంది. మా ఔలాద్ కూడా అలాగే పాకాలి, ఎవరూ పెకలించలేకపోవాలి అని వాళ్ళ దువా. ఒక కలుపు మొక్కను ఖాందాన్ ఇజ్జత్‌గా పెట్టుకున్నారంటే నాకు ముచ్చటేసింది.

సనదా అనే సమురాయ్ ఖాందాన్‌ది మరో రకం గుర్తు. మూడేసి చొప్పున రెండు వరసల్లో ఆరు నాణేలు. చనిపోయినవాళ్ళు అవతలి లోకానికి వెళ్ళే దారిలో ఒక నది దాటాలని, దానికి ఆరు నాణేలు కిరాయి అని అక్కడి నమ్మకం. జనాజాతో పాటు ఆ ఆరు నాణేలు పెట్టేవాళ్ళు. వాటినే జెండా మీద వేసుకుని యుద్ధానికి వెళ్ళారంటే, కిరాయి జేబులో పెట్టుకునే వచ్చాం అని చెప్పినట్టే. మన జబాన్‌లో సర్ పే కఫన్ బాంధ్‌నా అంటారే, సరిగ్గా అదే మాట. ఆ ఖాందాన్‌లోని ప్రసిద్ధ యోధుడు సనదా నొబుషిగే 1615లో ఒసాకా యుద్ధంలో చనిపోయాడు.

ఒక గుర్తును చూసి వెంటనే ఫైసలా చేయకూడదని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. దక్షిణాన ఉన్న షిమాజు ఖాందాన్ నిషానీ వలయం లోపల ఒక క్రాస్. చూడగానే ఈసాయీల శిలువే అనుకుంటాం. కానీ యూరప్ నుంచి క్రైస్తవ మత ప్రచారకులు జపాన్‌లో అడుగు పెట్టింది 1549లో. ఆ ఖాందాన్ గుర్తు అంతకంటే చాలా పాతది.

బాద్షా పువ్వు, రైతు కొడుకు పువ్వు

పదహారు రేకుల చామంతి జపాన్ చక్రవర్తి నిషానీ. 13వ శతాబ్దం మొదట్లో గొ-తొబా అనే చక్రవర్తికి చామంతి అంటే ప్రాణం. తన కత్తుల మీద, బట్టల మీద అదే వేయించుకున్నాడు. తర్వాతి వాళ్ళూ కొనసాగించారు. 1869లో కొత్త ప్రభుత్వం దీని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. ఈ రోజు జపాన్ పాస్‌పోర్ట్ అట్ట మీద కనిపించేది కూడా పదహారు రేకుల చామంతే, చిన్న తేడాతో.

దేశాన్ని 1603 నుంచి రెండున్నర శతాబ్దాలకు పైగా ఏలిన తొకుగావా ఖాందాన్‌ది మూడు ఆకుల గుర్తు. ఆఓయి అనే మొక్క ఆకులు మూడు కొనలు కలుపుకుని వలయంలో ఇమిడి ఉంటాయి. దాన్ని ఇంకొకరు వాడకూడదని ఫర్మాన్‌లు జారీ అయ్యాయి. ఆ మూడాకులు కనిపిస్తే జనం తల వంచాల్సిందే.

కిరి పువ్వుది వేరే కథ. అది కూడా చక్రవర్తి ఇంటి గుర్తే, కానీ మెచ్చినవాళ్ళకు ఇనామ్‌గా ఇచ్చేవాళ్ళు. అలా అందుకున్నవాళ్ళలో తొయొతోమి హిదెయోషి ఒకడు. మామూలు రైతు ఇంట్లో పుట్టి, సిపాయిగా మొదలై, 16వ శతాబ్దం చివరికి దేశం మొత్తాన్ని తన చేతి కిందికి తెచ్చుకున్నాడు. పుట్టుకతో చెప్పుకోదగ్గ ఖాందానీ నిషానీ లేని మనిషికి చక్రవర్తి ఇంటి పువ్వు దక్కింది. ఆ కిరి పువ్వే ఇప్పుడు జపాన్ ప్రభుత్వ చిహ్నం, ప్రధానమంత్రి మాట్లాడే బల్ల మీద కూడా కనిపిస్తుంది.

పేరు లేకున్నా గుర్తు ఉంది

ఇక మామూలు జనం సంగతి. తొకుగావాల జమానాలో రైతులు, కారీగర్లు, సౌదాగర్లు ఇంటిపేరు బహిరంగంగా వాడుకోకూడదు. అది సమురాయ్‌ల హక్కు. నడుముకు రెండు కత్తులు కట్టుకోవడం ఎలా వాళ్ళకే సొంతమో, ఇంటిపేరు చెప్పుకోవడమూ అలాగే. సర్కారు కాగితాల్లో చాలామంది కేవలం ఫలానా ఊరి ఫలానావాడు.

కానీ కామోన్ మీద అలాంటి నిషేధం లేదు! చామంతి, ఆఓయి లాంటి పెద్దల గుర్తులు ముట్టుకోనంత వరకు ఎవరైనా తమకంటూ ఒకటి పెట్టుకోవచ్చు. దుకాణందారు తన పరదా మీద వేసుకున్నాడు. కబుకి నాటకాల కళాకారులు వేసుకున్నారు. ఇచికావా దాంజూరో అనే నటుల వంశానిది ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలు. బియ్యం కొలిచే చెక్క పెట్టెలను పైనుంచి చూస్తే కనబడే ఆకారం. అభిమానులు ఆ నక్ష్ ఉన్న బట్టలు కట్టుకునేవాళ్ళు.

యూరప్‌లో చాలా చోట్ల ఇలాంటి నిషానీలు పై తబ్కా వాళ్ళ సొత్తు అయిపోయాయి. జపాన్‌లో మాత్రం కాగితం మీద ఇంటిపేరు రాసుకునే హక్కు లేని గరీబు కూడా బట్ట మీద తన ఇంటి గుర్తు వేసుకోగలిగాడు. హుకూమత్ పేరు ఇవ్వకపోయినా మనిషి తన పహచాన్ ఎక్కడో ఒక చోట దాచుకుంటాడు.

1870లో మామూలు జనానికి ఇంటిపేరు వాడుకునే ఇజాజత్ వచ్చింది. 1875లో అది లాజిమ్ అయింది, ప్రతి ఒక్కరూ పెట్టుకోవాల్సిందే అని హుకుం. అలా ఎన్నో ఇళ్ళలో కామోన్ ముందు నుంచీ ఉంది, సర్కారు రాసుకున్న పేరు తర్వాత వచ్చింది. కంపెనీల గుర్తుల్లోకీ ఇవి నడిచొచ్చాయి. మిత్సుబిషి కార్ల మీద మూడు వజ్రాల ఆకారం చూసే ఉంటారు. కంపెనీ పెట్టిన ఇవాసాకీ వాళ్ళ ఇంటి గుర్తు ఒకదాని మీద ఒకటిగా మూడు వజ్రాలు, ఆయన ప్రాంతపు ప్రభువులైన యామానౌచీ వాళ్ళది మూడు ఓక్ ఆకులు. రెండూ కలిపితే వచ్చింది ఇప్పటి గుర్తు.

లిబాస్ చదవడం ఎలా

ఇప్పుడు కిమోనో దగ్గరికి వద్దాం. ఆ మాటకు అర్థం ‘తొడుక్కునే వస్తువు’ అంతే. ఒక పొడవాటి రేషమ్ తాను, వెడల్పు మూరకంటే కాస్త తక్కువ. దాన్ని నిలువు ముక్కలుగా తిన్నగా కోసి కుడతారు. వంకర కత్తిరింపులు దాదాపు ఉండవు. అందుకే కుట్లు విప్పేస్తే మళ్ళీ బట్ట ముక్కలు బట్టలా దొరుకుతాయి, కడిగి, ఇంకొకరి కొలతకు కుట్టుకోవచ్చు. అమ్మ కిమోనో బేటీకి, బేటీది ఆమె బేటీకి వెళ్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

దాని మీద ఎన్ని నిషానీలు ఉన్నాయన్నది మొదటి ప్రశ్న. ఐదు ఉంటే అన్నిటికంటే పెద్ద దర్జా. మూడు ఉంటే ఒక మెట్టు కింద. ఒకటే ఉంటే ఇంకా కింద, కానీ మర్యాదకు తక్కువేం కాదు. ఒకే రంగు సాదా కిమోనోకు వీపు మీద ఒక్క కామోన్ ఉన్నా నలుగురిలోకి వెళ్ళడానికి తగిన లిబాస్ అవుతుంది. వీపు మధ్యలోది పూర్వీకులకు, ఛాతీ మీది రెండూ అమ్మానాన్నలకు, చేతుల వెనుకవి తోడబుట్టినవాళ్ళకు, రిష్తేదారులకు గుర్తు అని పెద్దలు చెబుతారు. వెనుక పూర్వీకులు కాపలా, ముందు వాలిదైన్, చేతుల వెంట భాయీబెహన్లు. ఎంత చక్కటి లెక్క!

రెండో ప్రశ్న, గుర్తు ఎలా వేశారు? రంగు అద్దకంలో గుర్తు మేరకు తెల్లగా వదిలేసి, లోపలి గీతలు సన్నగా గీస్తే దాన్ని హినాతా అంటారు, అంటే ఎండ. బొమ్మంతా ఎండ పడినట్టు తెల్లగా వెలుగుతుంది. అన్నిటికంటే పై దర్జా దీనికే. కేవలం అంచుల గీతలే తెల్లగా ఉంటే దాన్ని కాగే అంటారు, నీడ. దారంతో కుట్టిన గుర్తు ఇంకా తేలిక సందర్భాలకు. ధూప్, ఛావ్ అనే ఈ పేర్లు పెట్టినవాడెవడో గానీ నా సలాం.

ఈ పని చేసే కారీగర్లు ప్రత్యేకంగా ఉంటారు. రంగ్‌రేజ్ బట్టకు నలుపు అద్దేటప్పుడు గుర్తు రావాల్సిన చోట తెల్ల గుండ్రాలు వదిలిపెడతాడు. ఆ ఖాళీ గుండ్రంలో కొన్న ఇంటివాళ్ళ కామోన్‌ను ఈ కారీగర్ గీస్తాడు. చేతిలో వెదురు వృత్తలేఖిని, సన్నటి కుంచె. ఆకైనా, రెక్కైనా, రేకైనా వలయాల ముక్కలతోనే గీయడం వాళ్ళ తరీఖా. మగవాళ్ళ కిమోనో మీద గుర్తు సుమారు నాలుగు సెంటీమీటర్లు, ఆడవాళ్ళది సుమారు రెండు. ఆ రెండు సెంటీమీటర్లలో ఒక ఖాందాన్ మొత్తం ఇమిడిపోవాలి.

మూడో ప్రశ్న, తొడుక్కున్నది ఎవరు? పెళ్ళికాని అమ్మాయి ఫురిసోదె వేసుకుంటుంది, దాని చేతులు మోకాళ్ళ కిందికి వేలాడతాయి, ఒళ్ళంతా రంగులు. షాదీ అయితే ఆ పొడవు చేతులు పొట్టి అవుతాయి. పైన నేను చెప్పిన అమ్మల నల్ల కిమోనో పేరు కురోతొమెసోదె, అందులో తొమెసోదె అనే మాట ఆ పొట్టి చేతుల నుంచే వచ్చింది. మగవాళ్ళకు షాదీలో ఐదు గుర్తుల నల్ల కిమోనో, పైన అదే గుర్తులున్న అంగీ, కింద మడతల హకామా. మాతం ఉన్న ఇంట్లో కూడా ఐదు గుర్తుల నల్ల కిమోనోయే, కానీ దాని మీద ఒక్క పువ్వు కూడా ఉండదు. ఖుషీలోనూ గమ్‌లోనూ మారనివి ఆ ఐదు తెల్ల గుర్తులే, నడుము కింది తోట మాత్రం మాయమవుతుంది.

నడుము కింది తోట

ఆ తోటలో మొక్కలకు కూడా మాటలు వచ్చు. పైన్, వెదురు, ఉమే పువ్వు మూడూ కలిసి వస్తే శుభం. పైన్ చలిలోనూ పచ్చగా ఉంటుంది, వెదురు వంగుతుంది గానీ విరగదు, ఉమే మంచు కరగకముందే పూస్తుంది. కష్టంలో సబర్ ఉన్నవాళ్ళే దోస్తులు అన్నట్టు. కొంగ వెయ్యేళ్ళు, తాబేలు పదివేలేళ్ళు బతుకుతాయని నానుడి, అందుకే అవి దీర్ఘాయువు దువా. తాబేలు డొప్ప నుంచి వచ్చిందే ఆరు పలకల గళ్ళ నక్ష్. చంటిపిల్లల బట్టల మీద అసనొహా అనే నక్షత్రాల్లాంటి నక్ష్ వేస్తారు. అది ఒక నార మొక్క ఆకు, ఆ మొక్క తిన్నగా, తొందరగా ఎదుగుతుంది, పిల్లలూ అలాగే ఎదగాలని.

అన్నీ అక్కడే పుట్టినవి కావు. తీగలు మెలికలు తిరిగే కరకుసా అనే నక్ష్ సిల్క్ దారుల వెంట పడమటి దేశాల నుంచి చైనా మీదుగా వచ్చింది. నారాలో షోసో-ఇన్ అనే భండారం ఉంది, 8వ శతాబ్దం నాటి చక్రవర్తి వస్తువులు అందులో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఈరాన్ తరహా గాజు పాత్రలూ ఉన్నాయి. రైతు కొడుకు హిదెయోషి గురించి చెప్పాను కదా, అతని యుద్ధపు పైకోటు ఒకటి క్యోటోలోని కొదాయ్-జి మందిరంలో ఉంది. దాని బట్ట జపాన్‌ది కాదు. సఫవీల జమానాలో ఈరాన్‌లో నేసిన రేషమ్ గలీచా లాంటి బట్ట, దాని నిండా పక్షులూ, మృగాలూ. ఎక్కడి ఈరాన్ నేతగాడు, ఎక్కడి జపాన్ సిపహసాలార్!

మన తీరం కూడా ఈ కథలో ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల బందరు మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి కంపెనీ కొఠీ పెట్టింది. జపాన్ తలుపులు మూసుకున్నాక 1641 నుంచి యూరప్ వాళ్ళలో ఒక్క డచ్చివాళ్ళనే నాగసాకి దగ్గర ఒక చిన్న దీవిలో ఉండనిచ్చింది. వాళ్ళ ఓడల్లో కోరమండల్ తీరపు అద్దకం బట్టలు అక్కడికి చేరాయి. జపాన్ వాళ్ళు వాటిని సరాసా అన్నారు. అంత అపురూపమైన బట్టను టీ తాగే మజ్లిస్‌లో వాడే పాత్రలకు సంచులుగా కుట్టుకున్నారు, చిన్న చిన్న ముక్కలు కూడా పారేయకుండా దాచుకున్నారు. హికోనే ప్రభువుల ఇంట దాచిన సుమారు 450 ముక్కలు ఇప్పుడు తోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. కలంకారీ అనే మాట ఫార్సీది, అద్దిన చేతులు మన వైపువి, దాచుకున్న చేతులు జపాన్‌వి.

దుల్హన్ ఎవరిది?

ఇక మొదట్లో వేసిన సవాల్. జపాన్ సంప్రదాయ దుల్హన్ తల నుంచి కాలి దాకా తెలుపు తొడుగుతుంది. ఆ తెలుపుకు వాళ్ళు చెప్పే అర్థాల్లో ఒకటి, ఇకపై ససురాల్ ఏ రంగు అద్దితే ఆ రంగు అవుతాను అని. చనిపోయినవాళ్ళకు తొడిగేదీ తెలుపే కాబట్టి, పుట్టింటికి ఈమె చనిపోయినట్టే అని కూడా కొందరు అర్థం చెప్పారు. బాణం ఈకల నక్ష్ ఉన్న కిమోనోను దుల్హన్‌కి ఇచ్చే రివాజు ఉండేది. వదిలిన బాణం వెనక్కి రాదు, నువ్వూ రాకూడదు అని. మన ఇళ్ళల్లో రుఖ్సతీ వేళ పెద్దాళ్ళు అనే మాటలు కొన్ని గుర్తొస్తున్నాయా? ఆ మాటలు నేనూ విన్నాను. డోలీ వెళ్ళిన ఇంటి నుంచే జనాజా లేవాలి అనే ఆ మాట సముద్రాలు దాటి అక్కడా ఉంది.

కానీ ఒసాకా, క్యోటోల వైపు, అంటే పడమటి జపాన్‌లో, దీనికి ఎదురు నిలిచే ఒక రివాజు ఉంది. దాని పేరు ఓన్నామోన్, ఆడవాళ్ళ నిషానీ. అక్కడ అమ్మాయి షాదీ అయి వెళ్ళేటప్పుడు ఆమె కిమోనోల మీద నాన్న ఇంటి గుర్తు ఉండదు, అత్తింటి గుర్తూ ఉండదు. అమ్మ గుర్తు ఉంటుంది. ఆ అమ్మకు అది తన అమ్మ నుంచి వచ్చింది, ఆమెకు నానీమా నుంచి. ఇంటిపేర్లు ప్రతి పెళ్ళికీ మారిపోతాయి, చిరునామాలు మారిపోతాయి. ఆ చిన్న తెల్ల గుర్తు మాత్రం ఆడవాళ్ళ వీపుల మీద ఒక నస్ల్ నుంచి ఇంకో నస్ల్‌కి నడుస్తుంది. మగవాళ్ళ షజ్రా కాగితం మీద ఉంటే, ఆడవాళ్ళ షజ్రా బట్ట మీద ఉంది.

దీనికి ఒక హక్కు కూడా ముడిపడి ఉంది. ఆ గుర్తు ఉన్న బట్టలు, పెట్టెలు ఆమె తెచ్చుకున్నవి, ఆమె సొత్తు అని చెప్పడానికే ఈ రివాజు అంటారు. తొకుగావాల జమానా దస్తూర్ ప్రకారం మగవాడు తనకు తాను తలాక్ ఇస్తే ఆమె జహేజ్ తిరిగి ఇచ్చేయాలి. ఆమె రజామందీ లేకుండా ఆమె బట్టలు తాకట్టు పెడితే, ఆమె పుట్టింటివాళ్ళు తలాక్ అడగవచ్చు. అలాంటి రోజుల్లో నల్ల బట్ట మీది తెల్ల గుర్తు ఒక దస్తావేజు. ఇది నాది, మా అమ్మది, మీ ఇంటిది కాదు అని ఆ గుర్తే సాక్ష్యం చెబుతుంది.

మహర్ ఆమెదే, ఆమె తెచ్చుకున్నది ఆమెదే, నికాహ్ తర్వాత కూడా ఆమె తన వాలిద్ పేరుతోనే ఉంటుంది అని మనం చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. మన ఇళ్ళల్లో అది ఎంత వరకు అమల్లో ఉందన్నది మనకు మనం వేసుకోవాల్సిన ప్రశ్న. ఎంతమంది ఆడబిడ్డల నగలు అడక్కుండానే తాకట్టుకు వెళ్ళలేదు? జపాన్ రంగ్‌రేజ్ ఆ నగల మీద కూడా గుర్తు వేసి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

కాగితం మీద గెలిచింది ఎవరు

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 1875లో అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలన్నప్పుడు, మరి షాదీ అయిన ఆడవాళ్ళ పేరేంటి అనే ప్రశ్న వచ్చింది. 1876లో సర్కారు ఇచ్చిన జవాబు మనకు ఆశ్చర్యం కలిగిస్తుంది. భార్య తన పుట్టింటి పేరే వాడాలి. కానీ 1898లో కొత్త సివిల్ ఖానూన్ వచ్చింది. ఇల్లు అంటే ఒక యజమాని, అతని కింద అందరూ. భార్య భర్త ఇంట్లో చేరుతుంది, ఆ ఇంటి పేరే ఆమె పేరు. అంటే ఇంటిపేరు మార్చుకోవడం వేల ఏళ్ళ జపాన్ సంప్రదాయమేమీ కాదు, ఖానూన్‌గా దాని వయసు నూట పాతికేళ్ళ పైచిలుకు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో ఆ ఇంటి యజమాని పద్ధతిని రద్దు చేశారు. అయితే దంపతులిద్దరికీ ఒకటే ఇంటిపేరు ఉండాలనే షరతు మిగిలింది. ఎవరి పేరైనా సరే అంటుంది ఖానూన్. నిజానికి దాదాపు 95 శాతం జంటల్లో మారేది ఆమె పేరే. దీని మీద కొందరు ఆడవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2015లో సుప్రీంకోర్టు ఆ ఖానూన్ రాజ్యాంగబద్ధమే అని తీర్పు చెప్పింది. 15 మంది జడ్జీల్లో 10 మంది అటు, ఐదుగురు ఇటు. ఆ బెంచిలో ఉన్న మహిళా జడ్జీలు ముగ్గురు. ముగ్గురూ ఇది రాజ్యాంగ విరుద్ధం అనే చెప్పారు. 2021లో మళ్ళీ అదే తీర్పు వచ్చింది.

అంటే ఒసాకా వైపు ఒక ఆడమనిషి తన పేరును ఆఫీసు కాగితంలో నిలబెట్టుకోలేకపోవచ్చు, కానీ ఆమె బీరువాలో ఉన్న నల్ల కిమోనో మీద ఆమె నానీమా గుర్తు ఉండొచ్చు. పాత రోజుల్లో ఇంటిపేరు లేని రైతుకు బట్ట మీది గుర్తు ఎలా దిక్కయిందో, ఇప్పుడు ఆమెకూ అలాగే అయింది.

ఈ జమానాలో కిమోనోలు కొనేవాళ్ళు తగ్గారు, షాదీకి కిరాయికి తెచ్చుకుంటారు. కిరాయి కిమోనో మీద ఎవరి గుర్తు వేయాలి? దుకాణాలు చాలావరకు కిరి పువ్వు వేసి ఉంచుతాయి, ఎవరు తొడిగినా చెల్లుతుందని. ఒకప్పుడు చక్రవర్తి ఇనామ్‌గా ఇస్తేనే దక్కిన పువ్వు ఇప్పుడు ఒక రోజు కిరాయికి దొరుకుతోంది. తమ ఇంటి గుర్తే కావాలనుకునేవాళ్ళకు, దాని మీద అంటించుకునే స్టిక్కర్లు ఉన్నాయి. తమ కామోన్ ఏదో తెలియని జపాన్ కుర్రాళ్ళు కొందరు పూర్వీకుల ఖబర్ల మీది రాళ్ళు చూసి తెలుసుకుంటున్నారు, ఎందుకంటే బట్ట మీద చెరిగిపోయినా రాయి మీద ఆ గుర్తు చెక్కి ఉంటుంది.

మనకు కామోన్‌లు లేవు. కానీ మన ఇళ్ళల్లోనూ ఒక పాత సందూక్ ఉంటుంది. అందులో నానీమా ఖడా దుపట్టా ఉండొచ్చు, జరీ నల్లబడిన చోళీ ఉండొచ్చు. అది అమ్మ వైపు నుంచి వచ్చిందా, నాన్న వైపు నుంచి వచ్చిందా, ఎవరి చేతుల మీదుగా మీ దాకా వచ్చింది? దాదా, పర్దాదాల పేర్లు ఏడు తరాల దాకా చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నానీమా అమ్మ పేరు అడిగితే ఎంతమంది చెప్పగలం? ఆ పేరు తెలిసిన పెద్దావిడ ఎవరైనా మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఈ జుమాకే వెళ్ళి అడిగి, బేటీలకు చెప్పి, ఎక్కడైనా రాసి పెట్టండి.